గీత పక్కన ఖాళీ

తెక్లె బ్రూజియెనె తన సమాధిని మొదటిసారి చూసింది అరవై ఒకటో ఏట. ఒక చేతిలో ఇసుక గీసే దంతె, ఇంకో చేతిలో చామంతుల కుండీ. మొగుడు బ్రోనియుస్ పోయి ఏడాది దాటింది. మట్టి అణిగింది, ఇక రాయి నిలబెట్టొచ్చని ఆడపడుచు స్టాసె ఎవరికీ చెప్పకుండా ఆ పని కానిచ్చేసింది. నల్లరాయి, అద్దంలా మెరుస్తోంది. ఎడమవైపు బ్రోనియుస్ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, పైన అతని ముఖం. బతికున్నప్పటికంటే రాయి మీదే చాలా మర్యాదస్తుడిలా ఉన్నాడు. కుడివైపు 'తెక్లె బ్రూజియెనె, 1957' అని ఉంది. దాని పక్కన చిన్న గీత. గీత పక్కన ఖాళీ. పైన ముఖం కోసం వదిలిన కోడిగుడ్డంత ఖాళీ.

"ఎలా ఉందే?" అంది స్టాసె, తానే చెక్కినంత గర్వంగా.

"నేనింకా చావలేదు కదా వదినా."

"అందుకేగా గీత పెట్టించింది! రేపు నువ్వు పోయాక నీకోసం ఎవరు తిరుగుతారు? నాలుగంకెలు కొట్టిస్తే అయిపోతుంది."

రూడెల్యైలో ఇందులో తప్పు పట్టేవాళ్లు లేరు. ఆ ఊరి శ్మశానంలో సగం రాళ్ల మీద బతికున్నవాళ్ల పేర్లున్నాయి. ఆదివారం పూజ అయ్యాక జనం వెళ్లి తమ పేరు కింద తామే మొక్కలకు నీళ్లు పోసి, తమ మీద తామే కలుపు తీసుకుని, ఇంటికెళ్లి బంగాళాదుంపలు తింటారు. ముసలి అనీసెటాస్ పేరైతే రెండు రాళ్ల మీద ఉంది, ఒకటి మొదటి పెళ్లాం పక్కన, ఒకటి రెండో పెళ్లాం పక్కన. మూడో ఆవిడ రాతిపని చేసే రాపోలాస్ ఉండే వీధిలోకి వెళ్లడమే మానేసిందట. ఇంతకీ నువ్వు ఎందులో పడుకుంటావయ్యా అని అనీసెటాస్‌ని ఒక్కరూ అడగలేదు. మగవాడి పేరు రెండు రాళ్ల మీద ఉంటే అది ముందుచూపు. ఆడది ఒక్క రాయి మీంచి తన పేరు తీసెయ్యమంటే మాత్రం ఊరు ఊరంతా గుండె పట్టుకుంటుంది.

తెక్లె ఆ రోజు తీసెయ్యమనలేదు. చామంతులు పెట్టి, సమాధి చుట్టూ పరిచిన ఇసుక మీద అలలు అలలుగా గీతలు గీసి ఇంటికొచ్చింది. అక్కడ ఇసుక గీయకపోతే నిన్ను బతికున్నట్టే లెక్కెయ్యరు.

ఆమె ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఊళ్లో ఉత్తరాలు పంచింది. సైకిలు మీద, తోలు సంచీతో, మంచులో అయితే సైకిలు తోసుకుంటూ. అక్కడి ఆడవాళ్ల సంగతి తెలుసుకోవాలంటే కవరు విప్పక్కర్లేదు, ఇంటిపేరు తోక చూస్తే చాలు. బ్రూజాస్ అనేవాడి కూతురైతే బ్రూజైతె, పెళ్లామైతే బ్రూజియెనె. మగవాడు పుట్టినప్పుడూ బ్రూజాసే, పెళ్లికీ బ్రూజాసే, విడాకులకీ బ్రూజాసే, చచ్చినా బ్రూజాసే. ఆడదానికి మాత్రం ఎవరి సొత్తో పేరు చివరే ముద్ర కొట్టి ఉంటుంది, పశువు చెవికి బిళ్ల కుట్టినట్టు. ఎవరికి పెళ్లయిందో, ఎవరికి కాలేదో, ఎవరు ముప్పై దాటినా కూతురి తోకతోనే మిగిలారో పోస్టావిడకి అందరికంటే ముందు తెలిసేది. తెలిసి నోరు మూసుకునేది. ఆ ఊళ్లో అది కూడా ఒక ఉద్యోగమే.

ఆమె పుట్టింటి పేరు కార్వెలీతె. తండ్రి కార్వెలిస్, అంటే పావురం. పేరుకి తగ్గట్టే మెత్తని మనిషి, సమష్టి క్షేత్రంలో పాలు తూచేవాడు. ఇరవై ఒకటో ఏట ఆమె ట్రాక్టరు నడిపే బ్రోనియుస్‌ని చేసుకుంది. అకార్డియన్ బాగా వాయించేవాడు. తాగితే ఇంకా బాగా వాయించేవాడు. ఇంకొంచెం తాగితే అకార్డియన్ పక్కన పెట్టేవాడు. అప్పటినుంచి తెక్లె సైకిలు మీంచి పడిపోవడం మొదలైంది. కన్ను కమిలితే సైకిలు. పెదవి చిట్లితే సైకిలు. ఏడో నెలలో కడుపు పోయి ఇక పిల్లలు పుట్టరన్నప్పుడు కూడా సైకిలే. డాక్టరు నమ్మాడు, పోస్టుమాస్టరు నమ్మాడు, ఫాదరుగారు నమ్మి జాగ్రత్తగా తొక్కమ్మా అని దీవించాడు. చదునైన నేల, గుట్ట లేదు, గుంట లేదు. అయినా ఆ సైకిలు ఆమెను ముప్పై ఏళ్లు కొట్టింది.

ఎనభై తొమ్మిది ఆగస్టులో మూడు దేశాల జనం రోడ్ల వెంట చేతులు పట్టుకుని నిలబడ్డారు, మా దేశాలు మాకిచ్చెయ్యండని. తెక్లె కూడా ఊరి బస్సులో వెళ్లి నిలబడింది. కుడిచెయ్యి పశువుల డాక్టరు చేతిలో, ఎడమచెయ్యి ముక్కూమొహం తెలియని ఒక ఆవిడ చేతిలో. ఆ పావుగంట తన రెండు చేతులూ తనవేనని అనిపించిందట. బ్రోనియుస్ ఆ పూట పడిపోకుండా బస్సు చక్రాన్ని పట్టుకున్నాడు. మర్నాడు ఆ ఫోటోలున్న పేపర్లను ఆమె కంటి మీదికి రుమాలు లాక్కుని ఇంటింటికీ పంచింది. పశువుల డాక్టరు చెయ్యి అంతసేపు ఎందుకు పట్టుకున్నావని ఆ రాత్రి బ్రోనియుస్ అడిగాడుగా. తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, జెండా మారింది, పోస్టు డబ్బాల రంగు కూడా మారింది. సైకిలు మాత్రం మారలేదు.

బ్రోనియుస్ పోయిన రోజు ఆమె ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో తనకే తెలియదు. మర్నాడు పొద్దున్నే లేచి కాఫీ కాచుకుని, కప్పు ఎక్కడ పెట్టాలనిపిస్తే అక్కడ పెట్టింది.

రాయి సంగతి ఆమె అయిదేళ్లు ఓర్చుకుంది. ఆరో ఏడు వేసవిలో స్టాసె వచ్చి కూర్చుంది. తెక్లె పోసిచ్చిన చల్లని బీట్‌రూట్ పులుసు జుర్రుకుంటూ అసలు సంగతి బయటపెట్టింది.

"ఓ మంచి ఫోటో ఇయ్యవే."

"ఎందుకు?"

"రాయి మీద ముఖం చెక్కించడానికి. రాపోలాస్ ఈ నెల ఖాళీగా ఉన్నాడు. ఇంకా ముడతలు పడకముందే వేయిద్దాం. పెళ్లి ఫోటో ఉందిగా, అందులో మావాణ్ణి చూసి నవ్వుతుంటావు, అది బావుంటుంది. జంట కుదురుతుంది."

తెక్లె గరిటె కింద పెట్టింది. తానూ బ్రోనియుస్ ఒక రాయి మీద, ఒకరినొకరు చూసుకుంటూ, వానకీ ఎండకీ చెరగకుండా. ఆమె నవ్వుతూ. ఎప్పటికీ.

"వెతుకుతాలే వదినా," అంది. స్టాసె వెళ్లగానే చెప్పులేసుకుని నేరుగా రాపోలాస్ దగ్గరికి వెళ్లింది.

రాపోలాస్ గడ్డం నిండా రాతిపొడి. "తీసెయ్యడమా?" అన్నాడు. "తెక్లె అక్కా, అది పలకా బలపమా? అక్షరం వేలి గణుపంత లోతు కొట్టా. మొత్తం అరగదీస్తే బ్రోనియుస్ ముక్కూ చెవులూ పోతాయి."

"పోనీ."

"పోనీ అంటే? స్టాసె నన్ను బతకనిస్తుందా? లప్పం పెట్టి పూడ్చొచ్చు కానీ మొదటి చలికే ఊడొస్తుంది. వసంతానికి మళ్లీ నీ పేరు నవ్వుకుంటూ బయటికొస్తుంది. రాయి మీద తీసెయ్యడం ఉండదక్కా, కలపడమే ఉంటుంది."

రాయి మారదు కాబట్టి మారాల్సింది తానేనని తెక్లెకి సరుకుల కోసం బిర్జై పట్నానికి వెళ్తుంటే బస్సులో తట్టింది. దిగి నేరుగా అక్కడి రిజిస్టరు ఆఫీసుకెళ్లింది. స్కైస్తె అనే పిల్ల కూర్చుని ఉంది, గోళ్లకి ఆకుపచ్చ రంగు.

"పుట్టింటి పేరు మళ్లీ పెట్టుకోవాలమ్మా. కుదురుతుందా?"

"ఎందుకు కుదరదు? విడాకులా?"

"ఆయన పోయి ఆరేళ్లయింది."

ఆ పిల్ల తలెత్తి చూసింది. "బామ్మా, ఇప్పుడు చాలామంది చిన్న తోక పెట్టుకుంటున్నారు. 'బ్రూజె' అని. పెళ్లయిందో లేదో ఎవరికీ తెలియదు. కార్వెలీతె అంటే మరీ పెళ్లికాని పిల్ల పేరులా ఉంటుంది కదా, ఈ వయసులో..."

"బ్రూజెలో కూడా బ్రూజాస్ ఉన్నాడే తల్లీ. తోక కోసినా కుక్క అదేగా."

ఆ పిల్ల పకపకా నవ్వి, కారణం రాయాల్సిన చోట ఏం రాయమంటారని అడిగింది. తెక్లె ఆలోచించింది. "సైకిలు అని రాయి" అనబోయి ఆగి, "నా పేరు నాకు కావాలి, అంతే" అంది. సెప్టెంబరు పద్నాలుగున కాగితం చేతికొచ్చింది. తెక్లె కార్వెలీతె. వయసు అరవై ఆరు.

ఊరు పండగ చేసుకుంది. రొట్టెలు కొనడానికి వెళ్తే దుకాణం జుజానా అందరికీ వినిపించేలా, "రండి రండి, పెళ్లికూతురు గారూ! ఏ సంబంధమైనా చూడమంటారా? అనీసెటాస్‌కి ఇంకో రాయి మీద చోటుందట!" అంది.

"ముందు ఉన్న ముగ్గురికీ చోటు సర్దమను," అంది తెక్లె. "నాకు నల్లరొట్టె ఒకటి. నిన్నటిది ఇచ్చావో, ఈసారి పోస్టులో వెనక్కి పంపిస్తా."

ఆ మధ్యాహ్నమే స్టాసె తలుపు తట్టకుండా లోపలికొచ్చేసింది.

"మా పేరంటే నీకంత రోతా? మా అమ్మ నిన్ను కూతురిలా చూసింది! మన ఇంటిపేరు రోడ్డు మీద పారేస్తావా?"

"మన ఇంటిపేరేంటి వదినా? నువ్వు పక్‌ష్టియెనెవి. నలభై ఏళ్ల కిందట నువ్వు దాన్ని వదిలేసి పోయావు. నేనే మోశాను, మీ అందరి బదులు."

"నోరు ఎక్కువైంది నీకు."

"కొత్త పేరుతో పాటు వచ్చింది."

స్టాసె కుర్చీలో కూలబడింది. "సరే, కాగితం మీద ఏమైనా రాసుకో. రాయి మీద నీ పేరుంది. పోయాక వాడి పక్కకే రావాలి. ఎక్కడికి పోతావ్?"

"మా నాన్న దగ్గరికి. అక్కడ ఇనప సిలువ ఉంది, ఇంకో మనిషికి చోటుంది. శ్మశానం పుస్తకంలో రాయించేశా."

"వాడేం చేశాడే నిన్ను? కాస్త తాగేవాడు. ఎవడు తాగడు?"

తెక్లె ఆమె కళ్లలోకి చూసింది. "అది సైకిలు కాదు వదినా."

స్టాసె చూపు కిటికీ వైపు తిప్పుకుంది. తెలియక కాదు. ఆ ఊళ్లో తెలియనివాళ్లు ఎవరూ లేరు. అంతమందికి తెలిసిన విషయాన్నే అక్కడ గుట్టు అంటారు. కాసేపటికి మళ్లీ గొంతు పెంచింది, పాత కోపాన్ని వెతికి పట్టుకుని. "మరి ఆ రాయి మీదున్న బ్రూజియెనె ఎవరూ? ఊరు అడిగితే ఏం చెప్పను?"

"చచ్చిపోయిందని చెప్పు," అంది తెక్లె విసురుగా. అని, తను అన్న మాటకి తనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున రాపోలాస్ షెడ్డు తలుపు తీసేసరికి ఆమె బయట నిలబడి ఉంది.

"తమ్ముడూ, తీసెయ్యడం కుదరదన్నావు. కలపడం కుదురుతుందన్నావు కదా."

"అన్నాను. ఏం కలపాలి?"

"గీత పక్కన తారీకు. 2023 సెప్టెంబరు పద్నాలుగు."

రాపోలాస్ చేతిలో ఉన్న సిగరెట్టు అలాగే ఉండిపోయింది. "బతికున్న మనిషికి చావు తారీకు కొట్టమంటావా? నా చేతులు పడిపోవూ?"

తెక్లె సంచిలోంచి కాగితం తీసి చూపించింది. "చదువు. తెక్లె బ్రూజియెనె అనే పేరు ఆ రోజుతో సరి. సర్కారు ముద్ర ఉంది. ఆవిడ ఇప్పుడు ఈ భూమ్మీద లేదు. ఆ సమాధి బాధ్యత ఎవరిదని శ్మశానం పుస్తకంలో ఉంది?"

"నీదే."

"మరి?"

రాపోలాస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. భుజాలు కదలడం మొదలైంది. గడ్డంలోంచి రాతిపొడి రాలేలా నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా చెక్కుతున్నా అక్కా. చచ్చినావిడ తనే వచ్చి ఆర్డరివ్వడం ఇదే మొదలు." అంకెలు అచ్చం పాతవాటిలాగే కొట్టాడు. ముఖం కోసం వదిలిన కోడిగుడ్డంత ఖాళీలో ఏమీ చెక్కొద్దంది.

నవంబరు ఒకటి. దీపాల పండగ. ఆ రోజు ఎక్కడున్నవాళ్లైనా తమ చనిపోయినవాళ్ల దగ్గరికి వస్తారు. శ్మశానం నిండా ఎర్రగాజు దీపాలు, మైనం వాసన, కొత్త కోట్లు. పనిలో పనిగా పక్క సమాధి ఎంత శుభ్రంగా ఉందో చూసుకోవడం. నాలుగు గంటలకే మసక కమ్మేసింది. రెండు రోజుల ముందే వచ్చిన చూపు ఆనని ముసలావిడ మార్సెలె రాయి మీద తారీకు తడిమి గుండెలు బాదుకుని, ప్రార్థనలో చదవాల్సిన పేర్ల చీటీ మీద తెక్లె పేరు కూడా రాయించి వెళ్లిందట. ఫాదరుగారు ఆ పేర్లు వరుసగా చదువుకుంటూ పోయాడు. "తెక్లె బ్రూజియెనె ఆత్మకు శాంతి కలుగుగాక."

"ఆమెన్!" అంది తెక్లె మూడో వరుసలోంచి, గట్టిగా.

ఫాదరుగారు కళ్లద్దాలు సవరించుకున్నాడు. మార్సెలె సిలువ గీసుకుంది. జుజానా నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు దాచుకోలేకపోయింది. వెనకెక్కడో ఒక ఆవిడ నవ్వు ఆపుకోలేక దగ్గింది. తర్వాత ఇంకో ఆవిడ దగ్గింది. మగవాళ్లకి మాత్రం ఆ రోజు ఎవరికీ దగ్గు రాలేదు.

ప్రార్థన అయ్యాక స్టాసె విసవిసా నడిచి రాయి దగ్గరికి వచ్చింది. బ్రోనియుస్ వైపు నాలుగు దీపాలు వెలుగుతున్నాయి, నాలుగూ ఆమె పెట్టినవే. రెండో వైపు తెక్లె మోకాళ్ల మీద కూర్చుని ఒక చిన్న దీపం వెలిగిస్తోంది. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి.

"నీ సమాధికి నువ్వే దీపం పెట్టుకుంటావా? సిగ్గు లేదూ?"

"నా సమాధి కాదు," అంది తెక్లె. "బ్రూజియెనెది. పాపం, పిల్లాజెల్లా లేని మనిషి. నేను కాకపోతే ఆవిడకెవరు పెడతారు?"

దీపం వెలిగింది. ఆ వెలుతురులో రాయి మీద పుట్టిన ఏడు, పోయిన తారీకు, వాటి మధ్య గీత కనిపించాయి. ముప్పై తొమ్మిదేళ్ల కాపురం ఆ గీతలోనే ఎక్కడో ఇరుక్కుని ఉంది. స్టాసె నడుం పట్టుకుని కష్టంగా వంగి, బ్రోనియుస్ వైపున్న నాలుగు దీపాల్లోంచి ఒకటి తీసి, ఇవతలి వైపు పెట్టింది. ఒక క్షణం ఆగి, ఇంకోటి కూడా తియ్యబోయింది.

తెక్లె ఆమె చెయ్యి పట్టుకుంది.

"చాల్లే వదినా. ఆవిడకి అంత వెలుతురు అలవాటు లేదు."