దీపాల వేళ సూదుల కొట్టు

దెయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నాకు నవ్వొచ్చేది. ఇంట్లో జ్వరం వస్తే మా అమ్మ ప్రార్థన చేసి మిరియాల కషాయం తాగించేది గానీ తాయెత్తు కట్టించిన పాపాన పోలేదు. పెద్దయ్యాక నేను లెక్కల టీచరుగా బతికాను. అందుకే ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నేను మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

అవి యుద్ధం రోజులు. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. నాన్న పోయాక, మాచర్లలో అమ్మ చేతి మిషను మీద రవికలూ చొక్కాలూ కుట్టి ఇల్లు నడుపుతోంది. నా చదువు కూడా ఆ మిషను మీదే నడుస్తోంది.

అమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమెకి ఎడమ చెవి వినపడదు. ఎవరు మాట్లాడినా మెడ వాల్చి కుడి చెవి అటు పెట్టేది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు నేను దాన్ని అనుకరించి దెబ్బలు కూడా తిన్నాను.

ఒక రోజు మా పక్కింటి సుందరమ్మత్త పేటకి చుట్టపుచూపుగా వచ్చి, హాస్టలు గేటు దగ్గరికి నన్ను పిలిపించింది.

"మీ అమ్మ మిషను ఆగిపోయిందే. ఉన్న ఒక్క సూదీ పుటుక్కున విరిగింది. మాచర్లలో ఏ కొట్లోనూ లేదు. ఓడలు రావట్లేదంట గదా, సీమ సూదులు ఎక్కణ్ణించి వస్తాయి? ఇంక నిన్ను ఇంటికి రమ్మంది. ఇద్దరూ పిడుగురాళ్ల పోయి సున్నపు బట్టీల్లో పని చూసుకుంటారంట."

అంత పెద్ద మిషను, నా చదువు, అమ్మ బతుకు, అన్నీ ఆ పిసరంత సూది మీద ఆగిపోయాయి. ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే సూది రాదు కదా. మర్నాడు మధ్యాహ్నం వార్డెను గారిని బతిమాలి బయటపడ్డాను.

అప్పటిదాకా నాకు తెలిసిన నరసరావుపేట అంటే హాస్టలు నుంచి చర్చి దాకా ఉన్న దారే. పెద్ద బజారులో అడిగిన చోటల్లా లేదన్నారు. ఒకాయన వెనక సందుల్లో చూడమన్నాడు. ఆ సందుల్లోకి అడుగుపెట్టాక ఎటు చూడాలో నాకు తెలియలేదు. ఒక కొట్టు నిండా లాంతరు గ్లాసులే, గడ్డిలో కోడిగుడ్లలాగా పేర్చి ఉన్నాయి. ఇంకో దాంట్లో ఎడ్లకి కట్టే గంటలూ మువ్వలూ తప్ప వేరే సరుకే లేదు. ఆ కొట్టాయన రైతుల కోసం ఒక్కో గంటా మోగిస్తుంటే, వాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్నారు. గొడుగులు బాగుచేసే కొట్టు, తక్కెళ్ళ కొట్టు, ముక్కుపొడి కొట్టు వరసగా ఉన్నాయి. ముక్కుపొడి కొట్టు ముందు తుమ్ములు ఆగక నేను వచ్చిన పనే మరిచిపోయాను.

అత్తరు కొట్టు దగ్గర మాత్రం కావాలనే ఆగాను. అక్కడి ముసలమ్మ నా మణికట్టు మీద మల్లె అత్తరు రాసి, సూదుల కొట్టు దారి చెప్పింది.

"ఈ సందు చివర సాయిబు తాత ఉంటాడు. ఆయన దగ్గర సూదులు తప్ప ఇంకేం ఉండవు. బేగి పో, పొద్దుగూకుతా ఉంది."

బేగి పొమ్మని ఆమె ఎందుకన్నదో నాకు తెలుసు. మా వైపు దీపాలు పెట్టాక ఉప్పూ సూదీ ఎవరూ ఎవరికీ ఇవ్వరు. కానీ నాకు నేనే ఓ తెలివైన లెక్క వేసుకున్నాను. నేను క్రైస్తవుల పిల్లని, ఆయన సాయిబు. ఇద్దరికీ లేని పట్టింపు మధ్యలో ఎందుకొస్తుందని తాపీగానే నడిచాను.

కొట్టు నిజంగానే సూదులదే. బొంతల సూదులు, గోతాల సూదులు, చెప్పులు కుట్టేవి, అన్నీ ఆకుపచ్చ కాగితం పొట్లాల్లో ఎర్ర దారం కట్టి ఉన్నాయి. నేను మెట్టెక్కేసరికి తాత అప్పుడే బుడ్డి వెలిగించి పక్కకి పెడుతున్నాడు.

"తాతా, మిషను సూది కావాలి."

"దీపం పెట్టినాక ఇయ్యను బేటీ. మా అబ్బా ఇయ్యలేదు, నేనూ ఇయ్యను." అని, నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేనా మాచర్ల అమ్మాయివి? నీది మీ అమ్మ తీసకపోయిందిగా!"

"మా అమ్మేంది? మా అమ్మ మాచర్లలో ఉంది."

"మధ్యాన్నం వచ్చింది. మా పిల్ల వస్తది, అది ఎక్కడెక్కడో ఆగి దీపాల వేళకి గానీ రాదు, నువ్వేమో ఇయ్యవు, అందుకని నేనే వచ్చానంది. ఉన్న ఒక్క పొట్లం ఆమెకే ఇచ్చా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క పొట్లం ఎవరికో అమ్ముకుని నాకు కథలు చెబుతున్నాడనుకున్నాను. ఆ మాటే అనేశాను. తాతకి కోపం రాలేదు. ఆమె ఎట్లా నిలబడిందో చూపిస్తానని మెడ కుడి పక్కకి వాల్చి, భుజం మీది తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అచ్చం మా అమ్మే. హాస్టలుకి ఎలా వచ్చానో గుర్తులేదు.

అమ్మకి ఏమన్నా అయిందేమోనని భయం. ఏమీ కాకపోయినా చదువు అయిపోయినట్టే. తెల్లారి పెట్టె సర్దుకుని మాచర్ల రైలెక్కాను. దారి పొడుగునా పిడుగురాళ్ల బట్టీల పొగ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

మా వీధి మలుపు తిరిగేసరికి మిషను చప్పుడు వినిపించింది.

పరుగెత్తాను. అమ్మ నిక్షేపంలా కూర్చుని చొక్కా కుడుతోంది. మిషను పక్కన ఆకుపచ్చ కాగితం, ఎర్ర దారం.

"ఎవరిచేత పంపావే? నిన్న మధ్యాన్నం తలుపు దగ్గరకేసి కాసేపు కునుకు తీశా. లేచేతలికి మిషను మీద పెట్టి ఉంది. పిలిస్తే లేవనా? మంచినీళ్ళన్నా ఇచ్చేదాన్ని." అని, నా చేతిలో పెట్టె చూసి, "ఇదెందుకు తెచ్చావు? సోమారం బడి లేదా?" అంది.

ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను. ఎందుకో చెప్పలేదు. చెబితే కంగారు పడుతుందని.

నేను మనసులో లెక్క చూసుకున్నాను. సుందరమ్మత్త పేటలో ఇంకెవరికో చెప్పి ఉండొచ్చు, వాళ్ళు కొని రైల్లో పంపి ఉండొచ్చు. అత్తని అడిగితే నాకు తప్ప ఎవరికీ చెప్పలేదంది. వీధిలో అడిగితే ఎవరూ రాలేదన్నారు. అయినా ఏదో ఒకటి ఉండే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ కాజాలు కుడుతూ వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తాను కనపడటం లేదంది. "నిన్న పడుకునేటప్పుడు వేలికే ఉందే. లేచినాక లేదు. ఇంకో చోద్యం, పడుకుని లేస్తే కాళ్ళు పీకుడు! ఏడికో చానా దూరం నడిచొచ్చినట్టు."

సోమవారం పొద్దున పేటలో దిగి తిన్నగా సూదుల కొట్టుకే వెళ్ళాను, తాత మీద నోరు చేసుకున్నందుకు మన్నించమని అడగడానికి. ఆయన నన్ను చూడగానే గల్లా పక్క నుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు.

"మీ అమ్మది. పొట్లం కొంగున ముడేసుకునేటప్పుడు వేలి నుంచి తీసి బల్ల మీద పెట్టింది. మరిచిపోయింది."

ఇత్తడి అంగుస్తాను. దాని మీద మా నాన్న మేకుతో గీసిన చిన్న సిలువ, ఒక చెయ్యి కాస్త వంకర.

తర్వాతి సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకిచ్చి, సాయిబు తాత చెప్పిందంతా చెప్పాను. కుడి చెవి నా వైపు పెట్టి చివరిదాకా విన్నది. అంగుస్తాను వేలికి తొడుక్కుని, "ఇంతకీ నువ్వు అత్తరు కొట్టుకాడ ఆగావా, లేదా?" అంది. అత్తరు సంగతి నేను ఆమెకి చెప్పనే లేదు.

నా ట్రైనింగు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. అమ్మ ఇప్పుడు లేదు. అంగుస్తాను నా పెట్టెలో ఉంది. దెయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. దెయ్యం అనుకోవడానికి ఆ రోజు మా అమ్మ బతికే ఉంది, మాచర్లలో తలుపు దగ్గరకేసి నిద్రపోతోంది. మరి ఆ కొట్టు మెట్టెక్కింది ఎవరు? దీపాలు పెట్టాక మాత్రం నేను సూది ముట్టుకోను.