పిన్ని బుల్లి ఎర్ర కారు

మా పిన్ని బళ్లో డ్రాయింగు టీచరు. వయసులో ఉండగా ఆ జీతంతోనే రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. కొండదారి మలుపుల్లో ఆ బుల్లి బండి మేకపిల్లలా గెంతుతుంటే, పక్కన బాబాయి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు.

ఈమధ్య దాని గేరుబాక్సు పోయింది. మెకానిక్ చేతులెత్తేశాడు.

"ఈ పార్టులు చెయ్యడం ఎప్పుడో మానేశారమ్మా. పాత బళ్లలోనూ వెతికా, దొరకలేదు."

పిన్నీ బాబాయీ కొత్త కారు కోసం షోరూముకు వెళ్లారు. పిన్ని అన్ని బళ్లూ చూసి వచ్చింది.

"అన్నీ బీరువాల్లా ఉన్నాయేంటి బాబూ? చిన్నది, గేర్లు మనమే వేసుకునేది లేదా?"

"అలాంటివి ఇప్పుడెవరూ కొనట్లేదు మేడమ్," అన్నాడు సేల్స్‌మన్.

"నేను కొంటానంటున్నాగా!"

బాబాయి మోకాళ్ల నొప్పులకు ఎత్తు సీటే నయం కనుక, చివరికి పిన్ని ఓ బీరువాకే తలూపింది.

గేర్లు వాటంతటవే పడే ఆ కొత్త బండిలో ఇంటికి వస్తుంటే, మొదటి మలుపులోనే ఆమె చెయ్యి అలవాటుగా గేరు కోసం వెళ్లి, పట్టుకోవడానికి ఏమీ లేక వెనక్కొచ్చింది. బండి కుదుపన్నది లేకుండా మలుపు తిరిగింది.

"ఎంత హాయిగా ఉందో కదే!" అన్నాడు బాబాయి, కాళ్లు బారజాపుకుని.

"ఊఁ," అంది పిన్ని. ఆయన సంతోషం చూసి, గేరు వెతికిన చెయ్యి కూడా స్టీరింగు మీదే పెట్టుకుంది.