నాలుగో పిన్ను

జ్ఞానానందం ముప్ఫై ఒక్క ఏళ్లుగా బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే యార్డులో సిగ్నల్ టెక్నీషియన్. వానలో సిగ్నల్ మొరాయించినా, ఎలుక కేబుల్ కొరికినా ఆయన్నే పిలిచేవారు. "ఊహించకు. మీటరు పెట్టి సూడు" అనేవాడు కొత్తవాళ్లతో.

కూతురు రెజీనా ఇళ్ల నక్షాలు గీయడం నేర్చుకుంటోంది. ఆమె పాత ల్యాప్‌టాప్ ఆ పనికి చాలకపోవడంతో కంప్యూటరు తానే బిగిస్తానన్నాడు. చాందినీ మార్కెట్లో విడిభాగాలు కొన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి అన్నీ అమర్చాడు. తెర వెలిగింది. మూడు నిమిషాలకు ఆరిపోయింది. మళ్లీ నొక్కితే రెండు నిమిషాలే ఉంది.

తర్వాత నాలుగు రోజులూ డ్యూటీ దిగగానే దాని ముందే కూర్చున్నాడు. ప్లగ్గు మార్చాడు. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి చూశాడు. స్విచ్ వైర్లు పీకి, స్క్రూడ్రైవర్ మొనతో తాకించి ఆన్ చేశాడు. పవర్ సప్లై డబ్బా పట్టుకుని బస్సెక్కి మళ్లీ చాందినీ వెళ్తే, షాపాయన పరీక్షించి, "ఎటా తో ఠిక్ ఆఛే, దాదా" అంటూ తిరిగిచ్చేశాడు. బాగానే ఉన్న డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరాడు.

"ఆ షాపోడికే మొత్తం ఇచ్చీరాదేటండీ?" అంది భార్య దయమ్మ.

"నాను బిగించాను. నానే సూస్తాను."

"అలాగ కసురుతారేటి?" అని ఆమె టీ తెచ్చి పెట్టింది. కొన్నాళ్లుగా ఆమె ఆయనకు గ్లాసు సగమే నింపుతోంది. ఎందుకో ఆమె చెప్పలేదు, ఆయనా అడగలేదు.

గురువారం సాయంత్రం రెజీనా పక్కన కూర్చుంది. "నాన్నా, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువసేపు ఉంటోంది. వెంటనే మళ్లీ వేస్తే తొందరగా ఆరిపోతోంది. వేడెక్కిపోతోందేమో?"

ఇంకెవరి కంప్యూటరైనా ఆయన మొదట అదే చూసేవాడు. ఫ్యాను తన చేత్తో బిగించాడు కాబట్టి అటు చూడనేలేదు. ఇప్పుడు టార్చి వేశాడు. ప్రాసెసర్ మీది ఫ్యానును పట్టుకునే ప్లాస్టిక్ పిన్నులు నాలుగు. మూడు దిగి ఉన్నాయి. నాలుగోది బియ్యపు గింజంత పైకి లేచి ఉంది.

ఆదివారం ఆ పిన్ను దగ్గరే కుడి బొటనవేలు జారింది. టక్కున శబ్దం వినబడితే దిగిందనుకున్నాడు. ఇప్పుడు మళ్లీ నొక్కాడు. వేలు వణికింది. దానితోపాటు ఫ్యాను రెక్కలు కూడా గలగలమన్నాయి.

రెజీనా ఆ చేతినే చూస్తోంది. "ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి."

"మరి డ్యూటీలో?"

"హెల్పర్ కోదండం ఉంటాడు కదా. వాడు బిగిస్తాడు, నాను సెప్తాను."

"ఒక్కడివే ఉన్నప్పుడు?"

ఆయన చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు. వంటింటి గుమ్మంలో దయమ్మ నిలబడి ఉంది. "నానూ సూస్తన్నాను. మీరే సెప్తారనుకున్నాను" అంది.

రెజీనా ఫ్యాను తీసి, ప్రాసెసర్ వేడిని లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, నాలుగు పిన్నులూ నొక్కింది. గంట గడిచినా కంప్యూటరు ఆరలేదు.

మర్నాడు ఉదయం జ్ఞానానందం పనిముట్ల సంచి తీసుకోకుండా నేరుగా ఇంజనీరు గదికి వెళ్లాడు. చెయ్యి చాపి చూపించాడు. బెంగాలీ ఇంజనీరు కుర్చీ చూపించాడు. తర్వాత, డాక్టరు చూసేదాకా పట్టాల పక్క సిగ్నల్ పెట్టెలు తెరవొద్దన్నాడు.

"తెరిచినవి కూడా చూడాలి సార్" అన్నాడు జ్ఞానానందం. తాను ఒంటరిగా పని చేసిన పదకొండు పెట్టెల నంబర్లు కాగితం మీద రాసిచ్చాడు. ఎడమ చేత్తో రాయడం వల్ల అంకెలు వంకరగా వచ్చాయి.

కోదండం రెండు రోజులు తిరిగి అన్నీ తనిఖీ చేశాడు. పదింట్లో నట్లు గట్టిగానే ఉన్నాయి. ఒకదాంట్లో సిగ్నల్ వైరును పట్టి ఉంచే నట్టు ఒకటి అర చుట్టు వదులుగా ఉంది.

ఆ రోజు జ్ఞానానందం అన్నం ముట్టలేదు.

"ఏటీ అవలేదు కదండీ" అంది దయమ్మ.

"అవలేదు" అన్నాడాయన. "అయ్యుంటే?"

ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మంగళవారం రైల్వే ఆసుపత్రికి ఆయనతో తానూ వస్తానంది. ఆయన వద్దనలేదు.