సూదులిచ్చిన అక్క

అక్క పోయిందని కుప్పం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పుంగనూరులో ఒక లారీ కింద పడుకుని నట్లు విప్పుతున్నాను. పుట్టింటికి పోయిన మనిషి, పొద్దున్నే వాకిలి ఊడుస్తూ కూలబడిందట. గుండెపోటు. "ఎవురప్పా పోయింది? మీ సొంతక్కా?" అని షెడ్డు యజమాని అడిగాడు. ఔనన్నాను. అంతకన్నా వివరంగా చెప్పడం అప్పుడు నాకు చేతకాలేదు.

మీకు చెబుతాను. ఆమె మదనపల్లెలో ఒక సేవా సంస్థలో పనిచేసేది. మత్తు ఇంజక్షన్లు వేసుకునే నాలాంటి వాళ్లకు కొత్త సూదులివ్వడం ఆమె పని. వినగానే మీకు ఒళ్లు మండుతుందేమో. మా అమ్మకూ మండింది. "నా కొడుకును సంపేదానికి సూది నువ్వే ఇస్తాండావా తల్లీ?" అని ఆమె మా ఇంటికొచ్చిన రోజు మొహం మీదే అడిగింది. అక్క కోపం తెచ్చుకోలేదు. "నేనీకపోతే మానుతాడా అమ్మా? ఇంకొకడి సూది తీసుకుంటాడు, వాడి రోగం గూడా తెచ్చుకుంటాడు. మానే రోజు దాకా ప్రాణంతో ఉండాల కదా?" అంది. మా అమ్మ లోపలికి పోయి కాఫీ పెట్టుకొచ్చింది.

నేను ఆమెను మొదట చూసింది టమోటా మార్కెట్ వెనక, ఖాళీ క్రేట్లు పేర్చిన చోట. వస్తూనే "అన్నం తిన్నావా అప్పా?" అని అడిగేది. చెయ్యి చూపించమనడం ఆ తరువాతే. చీము పట్టిన చోట కడిగి కట్టు కట్టేది. కడుగుతున్నంతసేపూ తిట్టేది. "గొడ్డుకన్నా అధ్వానంగా ఉండావు. రెండు చెంబులు నీళ్లు పోసుకుంటే అరిగిపోతావా?" ఆ తిట్ల కోసమే పోయేవాళ్లమేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఆమెది ఒకటే షరతు. పాత సూది తెచ్చిస్తేనే కొత్తది. మార్కెట్లో చెప్పుల్లేకుండా తిరిగే హమాలీల కాళ్లలో మా సూదులు దిగకూడదని ఆమె పట్టుదల. ఇంట్లో చెప్పిన ప్రతి మాటా ఎగ్గొట్టిన మేం ఆ ఒక్క మాట మాత్రం తప్పలేదు.

మా కొంప ముంచింది కూడా అదే. వాడిన సూదిలో మందు తడి ఇంకా ఉంటుంది, కేసు పెట్టడానికి అది చాలు. మా జతగాడు పాత సూదులు డబ్బాలో పెట్టుకుని అక్కకు ఇవ్వడానికి పోతుంటే, సంస్థ ఉన్న వీధి మొదట్లోనే పోలీసులు పట్టుకున్నారు. అక్క స్టేషన్‌కు పరుగెత్తింది. "నేనే తెమ్మన్నాను సార్. యాడో పారేసుంటే వీడు మీకు దొరికేవాడే కాదు. నా మాట విన్నందుకు దొరికినాడు," అంది. ఎస్సై చెడ్డవాడేం కాదు, ఆమెకు కుర్చీ వేయించాడు. "మీ బాధ అర్థమైతాండాది మేడం. పైనుంచి మాకూ ఒత్తిడి ఉండాది," అన్నాడు. మా వాడు జైలుకు పోయాడు.

ఇక ఆ వీధిలోకి ఎవడు పోతాడు? సూదులు ఎక్కడ పడితే అక్కడ పారేశాం. కొత్తవి లేక ముగ్గురం ఒకదాన్నే వాడుకున్నాం. ఆ ముగ్గురిలో మిగిలింది నేనొక్కణ్ణే.

నేను పుంగనూరు వచ్చి దాక్కుంటే, అక్క బస్సెక్కి వెతుక్కుంటూ వచ్చింది. జ్వరంతో పడి ఉన్నాను, కళ్లు పచ్చబడ్డాయి. ఆమె సంచీలో సూదులున్నాయి, దారిలో తనిఖీ చేస్తే ఆమెకూ తిప్పలే. "యాల వచ్చినావక్కా? నేను మానలేను," అన్నాను. "మానమని చెప్పేదానికి రాలేదప్పా. బతికుండావో లేదో సూసిపోదామని వచ్చినాను. లెయ్, ఆస్పత్రికి పోదాం," అంది. ఆ మాటతో నా భయం సగం దిగిపోయింది. కామెర్లు తగ్గాయి. మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మధ్యలో జారాను కూడా. జారినప్పుడూ ఆమె మొదట అడిగింది అన్నం సంగతే.

పోలీసుల్ని మేం తిడితే ఒప్పుకునేది కాదు. "వాళ్ల పని వాళ్లు చేస్తాండారు. గానీ ఆస్పత్రి గుమ్మంలో కాపు కాస్తే రోగి యాడికి పోవాల? అదొక్కటి అర్థమైతే సాలు," అనేది. కొత్త ఎస్సై వచ్చిన ప్రతిసారీ పోయి మళ్లీ మొదటినుంచీ చెప్పేది. కొందరు విన్నారు. విన్నన్నాళ్లూ ఆ వీధిలోకి మనుషులు వచ్చారు.

కుప్పానికి నేనూ, జైలు నుంచి వచ్చిన ఆ జతగాడూ కలిసి పోయాం. ఇంటి ముందు చూస్తే అంతా ఖాకీ బట్టలే. ఆమె తమ్ముడు హెడ్ కానిస్టేబులట! ఇన్నేళ్లలో ఒక్కసారీ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే పారిపోయేవాళ్లమని ఆమెకు తెలుసు. మా వాడు వీధి మలుపులోనే ఆగిపోయాడు. "పోదాం పారా," అని నా చొక్కా పట్టి లాగాడు. అంతలో ఆ తమ్ముడే మా దగ్గరికి వచ్చాడు.

"ఎవురప్పా మీరు?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. "అక్క సూదులిచ్చేది కదన్నా, ఆ పిల్లోళ్లం," అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మీ గురించి మాయక్క నాతో కొట్లాడని దినం లేదు," అన్నాడు. "రాండప్పా. ఎత్తే పొద్దయింది. ఒక భుజం పట్టండి."

పాడె ముందు ఆయనొక వైపు, నేనొక వైపు పట్టాం. వెదురు భుజానికెత్తుకోగానే నా చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. పట్టపగలు, అంతమంది పోలీసుల నడుమ, నా చేతి మీది మచ్చలన్నీ కనిపిస్తున్నాయి. సర్దుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.