చేను ఎవరిదమ్మా

మా వైపు ఒక మర్యాద ఉంది. గుత్తకు, అంటే కౌలుకు చేసుకునే చేను ఎంత బాగా వచ్చినా, దారిన పోయేవాళ్లు ఎవరిదని అడిగితే భూమి గలవాళ్ల పేరే చెప్తాం. మాదే అంటే తల ఎగరేసినట్టుంటుంది. పైగా దిష్టి, ఆపైన మరుసటి ఏడు గుత్త పెంచుతారన్న భయం. మా అమ్మ అట్లే చెప్పేది, నేనూ అట్లే చెప్పాను. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

కమలాపురం పక్కన నాలుగెకరాల నల్లరేగడి. భూమి గలాయనది మా ఊరే. కడపలో బండల వ్యాపారం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన చెల్లీ అనేవాడు. ఉగాదికి ఆయన ఆకూ వక్కా నా చేతిలో పెడితే ఆ ఏటి గుత్త కుదిరినట్టే. ఎనిమిదేళ్లు అట్లే నడిచింది, మధ్యలో కాగితం ముక్క లేదు. గుత్త రైతులకు కార్డు ఇస్తారంట, నువ్వొక సంతకం పెట్టన్నా అని ఒకసారి అడిగాను. మన నడుమ కాగితాలేంది చెల్లీ అని నవ్వాడు. నిజమే కదా అని నేనే సిగ్గుపడ్డాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఆ ఏడు పప్పుశెనగ వేశాం. మొక్క జానెడు లేచినప్పుడు పంట నమోదు చేసే ఉద్యోగి ట్యాబు పట్టుకుని చేనికి వచ్చాడు. అందులో ఎవరి పేరు ఎక్కితే, రేపు పంట పోయినా పరిహారం వాళ్ల ఖాతాలోనే పడుతుంది. అన్న కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని కారులో దిగాడు. ఉద్యోగి మంచివాడే. నా కాళ్లకున్న మట్టి చూశాడు, చేతిలో కలుపు తీసే తొలిక చూశాడు, నన్నే అడిగాడు.

"చేను చేసేది ఎవరమ్మా?"

అన్న నా పక్కనే ఉన్నాడు. ఆయన ముందు నాది అని ఎట్లా అంటాను?

"అన్నదే సార్."

మనిషైతే ఆ మాటలో మర్యాద ఎంతో నిజం ఎంతో కనిపెడతాడు. ట్యాబుకు అదేం తెలుసు? చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకుంది. అన్నను చేను నడుమ నిలబెట్టి ఫోటో తీశారు. నా నీడ పడుతోందని, రవ్వంత పక్కకు జరుగు చెల్లీ అన్నాడు అన్న. జరిగాను. వేలిముద్ర కూడా ఆయనే వేశాడు. కారెక్కుతూ, నా పేరున పడితే ఏమాయ, వచ్చింది వచ్చినట్టు నీ చేతిలో పెడతా అన్నాడు.

కాయ గట్టిపడే వేళకు ముసురు పట్టింది. వారం రోజులు విడవలేదు. చేను నిలువునా కుళ్లిపోయింది. ఏడ్చాను గానీ కుంగిపోలేదు. పరిహారం వస్తే మళ్లీ విత్తనాలు కొనుక్కుంటానన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యంతోనే ఉగాదికి మళ్లీ ఆకూ వక్కా అందుకున్నాను.

ఎండాకాలంలో ఊళ్లో ఒక్కొక్కరి ఫోనూ మోగింది, దుడ్లు పడ్డాయని. అన్నకు ఫోన్ చేస్తే ఇంకా పడలేదన్నాడు. పదిహేను రోజులకొకసారి చేస్తాను, అదే మాట. పడకుండా ఉంటుందా అని మా ఆయన గొణిగితే ఆయన మీదే ఎగిరాను. అన్నను అంటావా అని రెండు రోజులు మాట్లాడలేదు కూడా. విత్తే అదను దగ్గరపడ్డాక మనసాగక ఊరి సచివాలయానికి పోయి ఆ ఉద్యోగినే అడిగాను. ట్యాబు నా వైపు తిప్పి, అందరితో పాటు మొదటి రోజే పడిందమ్మా అని మెల్లగా చెప్పాడు.

కడప బస్సెక్కాను. అన్న బండల అంగట్లో కూర్చుని ఉన్నాడు. టీ తెప్పించాడు. ముట్టలేదు. అడగాల్సింది అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు, అదే నన్ను కాల్చింది.

"భూమి నాది. ఫోటోలో ఉండేది నేను. ముద్ర నాది. నడుమ నీదేముండాదో చెప్పుమ్మే?"

చెల్లి అనే పిలుపు ఎప్పుడు పోయిందో!

"గింజ నాది అన్నా. ఆకూ వక్కా నా చేతిలో పెట్టింది నువ్వే."

"విత్తనానికి దుడ్లు లేకుంటే చేను ఇడిసిపెట్టు. చేసుకుంటామని శానామంది అడుగుతాండారు."

ఆ టీ ఆయన మొహాన కొట్టి రావాల్సింది. చేతకాలేదు. తేనె పూసిన కత్తి అని పెద్దలు అంటుంటే ఎవరి గురించో అనుకునేదాన్ని. ఎనిమిదేళ్లు దాన్నే అన్నా అని పిలిచాను. ఊళ్లో మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. మోసపోయానని చెప్పుకోవడం కంటే, విత్తనం కుదరక వదిలేశానని చెప్పడం పరువనిపించింది.

చేను పక్క వీధి ఆమెకు పోయింది. కార్తీకంలో ఆ చేనికే నేను కూలికి పోయాను, కలుపు తీయడానికి. పోకపోతే ఇల్లు గడవదు. ఏ సాలులో నీళ్లు నిలుస్తాయో నా కాళ్లకు ఇంకా గుర్తుంది. మధ్యాహ్నానికి అన్న కారు వచ్చింది, వెనకాలే ట్యాబుతో ఆ ఉద్యోగీ వచ్చాడు. చేను చేసేది ఎవరమ్మా అని ఆమెను అడిగాడు.

ఆమె అన్న వైపు చూసింది. అన్నదే సార్ అంది.

ఉద్యోగి ఒకసారి నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది. అన్నానంటే రేపటినుంచి ఆ చేనికి కూలికి కూడా పిలవరు. తల వంచుకుని కలుపు పీకుతూనే ఉన్నాను. ఫోటోకు అడ్డమని ఆమె గట్టు మీదికి జరిగితే, ఆమెతో పాటు నేనూ జరిగాను.

పొద్దువాలి ఇళ్లకు పోయేటప్పుడు ఆమె సంతోషంగా నా పక్కన నడిచింది.

"అన్న మంచోడక్కా. దుడ్లు వచ్చింది వచ్చినట్టు నా చేతిలో పెడతానన్యాడు."

నేను ఊఁ అన్నాను.