త్రిఫైన తిననిది

అలెగ్జాండ్రియాలో యూదుల వీధి చివరింట్లో త్రిఫైన ఉండేది. పాలదాదిగా ఆమెకు మంచి పేరు. అప్పటికి ముగ్గురు గ్రీకు బిడ్డలకు పాలిచ్చి పెంచి, నడక వచ్చాక ఎవరి తల్లికి వాళ్ళను అప్పగించింది. నాలుగోవాడు నీలోస్. దాదుల ఒప్పందం ఆమెకు కంఠతా వచ్చు: మరో బిడ్డకు పాలివ్వకూడదు, గర్భం దాల్చకూడదు, పాలు చెడే తిండి తినకూడదు. ఫలానాది తిని తీరాలని మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

నాలుగో నెలలో నీలోస్ చిక్కిపోయాడు. తల్లి హెరాయిస్‌కి ఇరవై నిండలేదు, తొలి కాన్పు. పాలు చాలక త్రిఫైనను ఇంట్లోనే దాదిగా పెట్టుకుంది. వాడు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. చూడ్డానికి పల్లె నుంచి వచ్చిన అత్తగారు ఇసిదోర గంటలో తేల్చేసింది.

"దాది ఒంట్లో కొవ్వు లేదు. పందికాళ్ళ చారు పట్టించు, పాలు పొంగిపోతాయి."

"మేం యూదులం, పంది తినం పెద్దమ్మగారూ," అంది త్రిఫైన.

"ఎందుకే? పంది మీ దేవుడా? దణ్ణం పెట్టుకుంటారా?"

"దేవుడైతే మీరు రోజూ కోస్తుంటే చూస్తూ ఊరుకుంటామా? అయినా ఈజిప్టు పూజారులూ ముట్టరుగా, వాళ్ళనడగరేం?"

"వాళ్ళు పాలివ్వాలా ఏమన్నానా!"

త్రిఫైనకే నవ్వొచ్చింది. ఇసిదోర మాత్రం నవ్వలేదు. "వారం చూస్తాం. వాడు పుంజుకోకపోతే వేరే దాది వస్తుంది."

ఆ రోజంతా త్రిఫైన వాణ్ణి చంక దించలేదు. వేరొకరి చేతుల్లో వాణ్ణి ఊహించుకోలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇసిదోరే స్వయంగా త్రిఫైన కుండలో పప్పు వండి, గిన్నెలో తెచ్చి పెట్టింది. త్రిఫైన రొట్టె తుంచి ముంచబోతుంటే హెరాయిస్ గబగబా వచ్చి గిన్నె లాక్కుంది.

"తినకు. అందులో పందికొవ్వు వేశారు."

ఇసిదోర మొహం ఎర్రబడింది. "పనిమనిషి దేవుడికి భయపడ్డావుటే?"

"దేవుడికి కాదత్తా." హెరాయిస్ గిన్నె దూరంగా పెట్టింది. "మనం ఆవిడకి చెప్పకుండా పెడితే, రేపు ఆవిడ నా బిడ్డకేం పెడుతుందోనని నేను రోజూ భయపడుతూ బతకాలి. అది నావల్ల కాదు. దాదిని మార్చను."

ఇసిదోర ఏదో గొణుక్కుంటూ వాకిట్లోకి వెళ్ళిపోయింది.

త్రిఫైన చేతిలోని రొట్టె ముక్క పక్కన పెట్టింది. మెల్లగా అంది, "పప్పు నేనే వండుకుంటానమ్మా. నువ్వుల నూనె కాస్త ఎక్కువ పోసుకుంటే పాలు బాగానే పడతాయి. కానీ పందికొవ్వు తగిలిన ఆ కుండ ఇక నాకు పనికిరాదు, కొత్తది కావాలి."

హెరాయిస్ బజారుకు వెళ్ళడానికి పైవస్త్రం కప్పుకుంది. "ఎంతది తేవాలి?"

"వీడికి నడక వచ్చేదాకా వండుకోవాలిగా. పెద్దదే తీసుకోండి."