మిట్టవీధికి నీళ్లొచ్చాయని పెట్టిన ఫోటో

2021 వేసవి మొదట్లో మాట. మునిసిపల్ ఎన్నికలు అయిపోయి కొత్త కౌన్సిల్ అప్పుడప్పుడే కుర్చీల్లో కూర్చుంది. ధర్మవరానికి మరీ దూరం కాని ఒక చిన్న పట్టణంలో నేను వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని. అంటే నీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, వీటిలో ఏది ఆగినా జనం మొదట తిట్టేది నన్నే. జీతంలో సగం ఆ తిట్లు తినడానికే ఇస్తారని మా ఇంట్లో నవ్వుతారు.

మా వార్డులో మిట్టవీధి పేరుకు తగ్గట్టే ఎత్తు మీద ఉంటుంది. పైపులైను అక్కడితో ఆఖరు. మేం దాన్ని టెయిల్ ఎండ్ అంటాం. కింది ఇళ్లవాళ్లు పట్టుకోగా మిగిలితేనే అక్కడికి నీళ్లు. ట్యాంకరు ఆ సందు ఎక్కలేదు. మగ్గం పనికో కూలికో పోయే ఆడవాళ్లే బిందెలతో దిగి, మోసుకుని ఎక్కాలి.

కొత్త కౌన్సిలర్ రామాంజికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బాగుచేస్తాడు. మనిషి మంచివాడే, మాటే తొందర. ఆయన గెలిచాక సచివాలయం ముందు ఎప్పుడు చూసినా తిరునాళ్లే. ఒకరికి పింఛను కావాలి, ఒకరికి ఇంటి పట్టా కావాలి, ఒకాయనకేమో ఎదురింటివాళ్ల కోడిపుంజు నోరు మూయించాలి. ఈ కరువు సీమలో వానలు కూడా ఇక కౌన్సిలే కురిపిస్తుందన్నట్టు ఉండేది వరస.

మిట్టవీధి ఓబుళమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"అప్పా, నా కూతురు కానుపుకొచ్చి ఈడనే ఉండాది. బాలింతకీ బిడ్డకీ దినామూ నీళ్లు పోయాల. మోసి మోసి నా నడుం ఇరిగిపోతాంది. మా కొళాయికి నీళ్లొచ్చేటట్టు చెయ్యి నాయనా, అంతే సాలు."

"శుక్రవారం పొద్దున వస్తాయి పెద్దమ్మా. రాకుంటే నన్నడుగు. నేనే వచ్చి నీ వాకిట్లో నిలబడతా," అని రామాంజి నా వైపు చూశాడు. నేను తలూపాను.

లైనుకు నీళ్లు వదిలే గేట్ వాల్వ్‌ను పూర్తిగా తిప్పితే మిట్టకు ఎక్కుతాయని నా ధీమా. కింది వీధుల్లో కొందరు కొళాయికే మోటారు బిగించి నీళ్లు లాగేస్తారని తెలియక కాదు. వాళ్లూ ఓట్లేసినవాళ్లే. మనోడు గెలిచాడు, ఇక మన మోటారు జోలికి ఎవరూ రారని వాళ్ల ఆశ. పదవిలోకి వచ్చిన కొత్తలోనే ఆ తేనెతుట్టె ఎవరు కదుపుతారని ఊరుకున్నాను.

శుక్రవారం తెల్లవారుతూనే వాల్వ్ తిప్పించాను. ఎండ ముదరకముందే రామాంజి, దండలు పట్టుకున్న ఆయన మనుషులు, నేను మిట్ట ఎక్కాం. సందు మొదట్లోనే తడిసిన మట్టి వాసన కొట్టింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కల్లాపి చల్లి, ప్రతి వాకిట్లో ముగ్గేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ తీసి, తడి వీధిని ఫోటో కొట్టి, 'మిట్టవీధికి నీటి సరఫరా పూర్తి' అని ఆఫీసు గ్రూపులో పెట్టేశాను.

"ఏం పెద్దమ్మా, చెప్తినా లేదా? వచ్చినాయి కదా నీళ్లు!" అన్నాడు రామాంజి.

ఓబుళమ్మ తెల్లబోయింది. "యాడొచ్చినాయప్పా? కొళాయి బుస్సుమని గాలి ఇడిచి ఊరుకున్నాది. నువ్వొస్తాండావని ఇంట్లో ఉండే నీళ్లు చల్లినాం. గెల్సినాక మొదటిసారి మా వీధికొస్తాంటే ఎండిపోయిన వాకిట్లో నిలబెడతామా?"

"ఇంట్లోవంటే ఏ నీళ్లు?" అన్నాను.

"నిన్న మోసుకొచ్చినవి మేడం. బాలింతకు ఈపొద్దు కొళాయి నీళ్లే పోద్దాంలే అనుకుంటిమి. పక్కిండ్లోళ్లూ అంతే, ఉన్నదంతా చల్లేసినారు."

లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. నా చేతిలో ఫోన్ టింగుటింగుమంటోంది. కమిషనర్ గారు బొటనవేలు చూపించారు, ఏఈ గారు చప్పట్లు కొట్టారు, ఎవరో పూలగుత్తి కూడా పంపారు.

"మరి బిడ్డకు స్నానం?"

"తడిగుడ్డతో తుడిసినాంలే. ఏం గాదు మేడం."

ఆ 'ఏం గాదు' అన్నది నన్ను ఓదార్చడానికి. భూమి రెండుగా చీలితే అందులోకి పోదామనిపించింది. కాళ్ల కింద ఆ తడి నేల మీద అడుగు వేయడానికే సిగ్గేసింది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లు నాకు అలవాటే.

రామాంజి తన మనుషులు వేసిన దండ మెడలోంచి తీసేశాడు. మిట్ట దిగి, నేరుగా కింది వీధిలోని తన ఇంటికే పోయి, కొళాయికున్న మోటారు విప్పడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి అరిచింది. "ఓట్లకు తిరిగి గెల్సింది మన కొంపలో మోటారు పీకేదానికేమిరా?"

"ఈ వీధిలో అన్ని మోటార్లూ బిగించింది నేనేమ్మా. నేనే పీకల్ల," అన్నాడు.

వరుసగా ఇల్లిల్లూ తిరిగాం. "మళ్లా ఓట్లకు రావా ఏమప్పా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. రామాంజి తల వంచుకుని పానా పట్టుకున్నాడు. ఆ దారిలోనే నేను గ్రూపులో రాశాను: 'నీళ్లు రాలేదు. చూసుకోకుండా ఫోటో పెట్టాను.' దానికి ఎవరూ బొటనవేలు చూపలేదు.

మధ్యాహ్నానికి మిట్టవీధి కొళాయి ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత సన్నగా మంచినీళ్లు వదిలింది. ఓబుళమ్మ కాగులో నింపి పొయ్యి మీద పెట్టింది. వచ్చేటప్పుడు నేను ఆమె చేతులు పట్టుకుని, "పెద్దమ్మా, మాకోసం ఇంకెప్పుడూ నీళ్లు చల్లొద్దు," అన్నాను.

"అదెట్లమ్మా? మీరొస్తాంటే చల్లకుండా ఉంటామా? నీళ్లు రావనుకుంటే మాత్రం ఆ మాట ముందే చెప్పండి. దాచిపెట్టుకుంటాం."

అంతకంటే తక్కువ ఏ కౌన్సిల్‌నూ ఎవరూ అడగలేరు. అదైనా మేం ఇవ్వలేదు. ఇప్పుడు కొళాయి కింద చెయ్యి పెట్టి తడిస్తేనే ఫోటో తీస్తాను. తెలియనప్పుడు తెలియదంటాను, తిట్లు తింటాను. మా మాట నమ్మి ఎవరో ఒకరు ఇంట్లో ఉన్న ఆఖరి బిందె కూడా వంచేస్తారని నాకిప్పుడు తెలుసు.